మెరుగు పెట్టుటలో మితము

ధ్యాన భాగము: 2 కొరింథీయులకు 2:5–11, గలతీయులకు 6:1–2



మన పల్నాటి గ్రామములలో కారు ఇప్పుడు వింత వస్తువు కాదు. కారంపూడి మొదలుకొని గురజాల, మాచర్ల, నరసరావుపేటల వరకు అద్దె కార్లు నడిపి ఇల్లు గడుపుకొను యౌవనస్థులు మనలో ఉన్నారు. మిర్చి అమ్మిన సొమ్ముతోనో, అప్పు చేసియో, ఒకరు వాడిన కారును కొందురు. కొన్న కొలది దినములకే దాని రంగు మసకబారినదని కనుగొందురు. షెడ్డులో ఇచ్చి మెరుగు పెట్టించుటకు డబ్బు చాలక, ఒక చిన్న పాలిషింగ్ మిషను తెప్పించుకొని తామే ఆ పని నేర్చుకొనుటకు పూనుకొనుచున్నారు. అది మంచిదే. తన చేతులతో పని నేర్చుకొనువానిని దేవుని వాక్యము మెచ్చుకొనుచున్నది.

ఈ మాసపు ధ్యానములో ఆ పనిని గూర్చి కొంత వివరముగా చెప్పదలచితిని. ఏలయనగా తప్పిపోయినవానిని సరిదిద్దుటలో మన ఇండ్లలోను సంఘములలోను కలుగుచున్న నష్టము, పని తెలియనివాని చేతిలో కారు రంగునకు కలుగు నష్టమువంటిదే. కారు రంగు పోయినయెడల డబ్బిచ్చి మరల వేయింపవచ్చును. సంఘమును విడిచిపోయిన బిడ్డను తిరిగి తెచ్చుకొనుట అంత సులువు కాదు.

పలుచని పొర

కారు రేకు మీద మనకు కనబడు రంగు ఒకే పూత కాదు. తుప్పు పట్టకుండుటకు మొదట ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికిని పైన అద్దమువలె రంగులేని మరియొక పూత ఉండును. ఈ కడపటి పూతను క్లియర్ కోటు అందురు. ఫ్యాక్టరీలో వేసిన పూతలన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానుల మందముండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో 1000వ వంతు. మనము వ్రాసికొను కాగితము మందము ఇంచుమించు 100 మైక్రానులు. కావున రేకును కాపాడు సమస్తమును ఒక కాగితమంత, లేక అంతకు కొంచెము ఎక్కువ. అందులో క్లియర్ కోటు 35 మొదలు 50 మైక్రానులు మాత్రమే, అనగా కాగితము మందములో సగమునకు మించదు. కారు మెరుపంతయు ఈ పలుచని పొరలోనే యున్నది. ఎండను తాళుకొను మందును ఇందులోనే కలిపియుందురు. రెంటచింతల ఎండను ఎరిగిన మనకు ఆ మందు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మెరుగు పెట్టుట అనగా ఈ పొరను కొంచెము అరగదీయుటయే. గీతను పూడ్చుట కాదు. గీత అడుగు ఎంత లోతున ఉన్నదో అంతవరకు దాని చుట్టునున్న పూతను తగ్గించినప్పుడు గీత కనబడకుండ పోవును. తీసిన పూత మరల పెరుగదు. ఇది మొదట తెలిసికొనవలసిన సంగతి.

పూర్వపు అంబాసిడరు కార్లలో అనేకమునకు ఈ పై పూత లేదు; రంగే పై పొరగా ఉండెను. వాటిని రుద్దినప్పుడు గుడ్డకు రంగు అంటుట సహజము. కాని నేటి కార్లను రుద్దునప్పుడు ప్యాడుకు రంగు అంటినయెడల క్లియర్ కోటు అరిగిపోయినదని గ్రహింపవలెను. ఆ మీదట ఏ పాలిష్‌యు పనిచేయదు. ఆ భాగమునకు మరల రంగు వేయింపవలసినదే.

ప్రియులారా, ప్రతి మనుష్యునికిని, విశేషముగా యౌవనమందున్నవారికిని, ఇట్టి పలుచని పొర ఒకటి కలదు. నలుగురిలో తలయెత్తి నిలువగల మానము అది. మనము చేయు దిద్దుబాటు అంతయు దాని మీదనే పడును. బిడ్డను బంధువుల యెదుట గద్దించినప్పుడెల్ల, కూటములో పేరు పెట్టి తప్పు ఎత్తిచూపినప్పుడెల్ల, ఆ పొర కొంత అరుగును. ఒక్కొకప్పుడు అట్టి గద్దింపు అవసరమే. అయినను అది వెల లేని పని కాదని పెద్దలు ఎరిగియుండవలెను.

గీతలు ఎక్కడనుండి వచ్చెను?

నల్లని కారును ఎండలో గాని దీపము వెలుగులో గాని చూచినప్పుడు, వెలుగు చుట్టును సాలెగూడువంటి సన్నని గీతలు గుండ్రముగా కనబడును. అవి నిజముగా గుండ్రని గీతలు కావు. అన్ని దిక్కులకును పోయిన గీతలలో వెలుగునకు అడ్డముగా ఉన్నవి మాత్రమే తళుక్కుమని మన కంటికి గుండ్రముగా తోచును. దీపమును ప్రక్కకు జరిపిన యెడల వేరే గీతలు కనబడును.

ఈ గీతలు శత్రువులు గీసినవి కావు. వాటిలో ఎక్కువ భాగము కారును ప్రేమించు యజమానుడు ప్రతి ఉదయము తుడిచిన తుడుపువలన వచ్చినవే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల ప్రాంతమందును, సిమెంటు ఫ్యాక్టరీల దారులలోను తిరిగిన కారు మీద తెల్లని ధూళి పడియుండును. దానితో కలిసి రోడ్డు మీది ఇసుక రేణువులును ఉండును. ఈ ఇసుక పూతకంటె ఎంతో గట్టిది. పొడిగుడ్డతో దులిపినప్పుడు ఆ రేణువులే పూత మీద ఈడ్చబడును. ఇట్లు మెరిపింపవలెనని చేసిన పనియే దానిని మసకబార్చును.

కాబట్టి ధూళి పట్టిన కారును పొడిగా తుడువరాదు. మొదట నీళ్లు ధారగా పోసి ధూళిని పోగొట్టవలెను. రెండు బకెట్లు పెట్టుకొనవలెను. ఒకదానిలో సబ్బు నీళ్లు, రెండవదానిలో మెత్తని గుడ్డను జాడించుకొనుటకు మంచినీళ్లు. పైనుండి క్రిందికి కడుగవలెను. క్రింది భాగమున బురద ఎక్కువ. నీడలో కడిగి, మెత్తని గుడ్డతో తడి ఆర్చవలెను. మన పల్నాటి నేల సున్నపురాతి నేల గనుక బోరు నీరు గట్టి నీరు. ఎండలో ఆరిపోయిన ప్రతి బొట్టును ఒక తెల్లని మచ్చను విడుచును.

ఇండ్లలోను ఇట్లే జరుగుచున్నది. మన బిడ్డల హృదయము మీది గీతలలో అనేకము లోకము గీసినవి కావు. ప్రతిదినము ఎగతాళిగా అనిన మాట, ప్రక్కింటి వాని కుమారునితో పోల్చిన పోలిక, పరీక్ష తప్పిన సంగతి అన్నము పెట్టునప్పుడెల్ల ఎత్తుట, ఇవి పొడిగుడ్డ తుడుపులు. పిల్లలు మనస్సు క్రుంగి పోవునట్లు వారిని విసిగింపవద్దని పౌలు తండ్రులను హెచ్చరించినది దీనిని గూర్చియే (కొలొస్సయులకు 3:21).

కప్పుట వేరు, తీయుట వేరు

బజారులో దొరకు కొన్ని మైనములు, గ్లేజులు గీతలను తీయవు. వాటిని నింపి కప్పును. కారు ఆ దినమున కొత్తదానివలె మెరయును. పాత కారును అమ్మువారిలో కొందరు దీనినే చేయుదురు. కొన్ని మారులు కడిగిన పిమ్మట గీతలన్నియు మరల కనబడును. అందుకే పని తెలిసినవారు పాలిష్ చేసిన భాగమును ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపిన నీటితో తుడిచి, నూనె జిడ్డంతయు పోయిన పిమ్మటనే దీపము పెట్టి చూతురు. గీత నిజముగా పోయెనా, లేక కప్పబడెనా అని అప్పుడే తెలియును.

యెహెజ్కేలు 13వ అధ్యాయములో కొందరు బలహీనమైన గోడను కట్టగా అబద్ధ ప్రవక్తలు దానికి సున్నము పూసిన సంగతి చదువుచున్నాము. వర్షము వచ్చినప్పుడు పూతతో కూడ గోడయు కూలెను. కట్నము కొరకు భార్యను బాధించువాని తప్పును, సంఘపు సొమ్ము లెక్క తప్పినవాని తప్పును, మనవాడే గదా అని పూత పూసి కప్పుట ప్రేమ కాదు. బాధపడినవారికి అది మరియొక అన్యాయము. మితమును గూర్చి చెప్పుచున్నాను గనుక తప్పును విడిచిపెట్టుమని చెప్పుచున్నానని ఎవరును తలంపవద్దు. తీయవలసిన దానిని తీయవలెను. ఎట్లు తీయవలెనన్నదే మన ప్రశ్న.

మెత్తని దానితో మొదలుపెట్టుము

మిషనులు రెండు విధములు. రోటరీ అనునది ఒకే ఇరుసు మీద తిరుగును. అది త్వరగా కోయును, త్వరగా వేడెక్కును; నేర్పరుల చేతిలో మంచిదే గాని క్రొత్తవాని చేతిలో పూతను కాల్చివేయగలదు. డ్యూయల్ యాక్షన్ అనునది తిరుగుచు ఊగుచు పోవును. చాల గట్టిగా అదిమినయెడల దాని ప్యాడు తిరుగుట మానివేయును. నేర్చుకొనువారికి ఇదియే తగినది. ప్యాడు వెనుకనున్న పళ్లెము మీద పెన్నుతో ఒక గీటు గీసికొనవలెను. పనిచేయుచుండగా ఆ గీటు తిరుగుట కనబడినయెడల ఒత్తిడి సరిగా ఉన్నది. నిలిచినయెడల చేయి తేలిక చేయవలెను.

మొదటి దినముననే తన కారు మీద చేయి పెట్టక, షెడ్డులో పడియున్న పాత బానెట్ ఒకటి అడిగి తెచ్చుకొని దాని మీద నేర్చుకొనుట మేలు. కారును నీడలో నిలిపి రేకు చల్లారనియ్యవలెను. కడిగిన తరువాత అరచేతితో తడిమినప్పుడు ఇంకను గరుకుగా ఉన్నయెడల, క్లే అను మెత్తని ముద్దను సబ్బు నీటితో జారునట్లు తేలికగా నడిపి, పూతకు అంటుకొనిన మురికిని తీయవలెను. నల్లని ప్లాస్టిక్ భాగములకును, రేకు అంచులకును, మడతలకును మాస్కింగ్ టేపు అంటింపవలెను. రంగు వేసినప్పుడు అది అంచులయొద్ద నిలువక జారును గనుక అక్కడ పూత మిక్కిలి పలుచన. క్రొత్తవారు పూతను పోగొట్టుకొనునది ఎక్కువగా అంచులయొద్దనే.

అటుపిమ్మట కారు అంతటిని ఒకేసారి రుద్దక, రెండడుగుల చదరమైన ఒక చోటును పరీక్షకు ఎంచుకొనవలెను. తన యొద్దనున్న వాటిలో మిక్కిలి మెత్తని ప్యాడును, మిక్కిలి సన్నని పాలిష్‌ను మొదట వాడవలెను. శనగగింజలంత బొట్లు నాలుగైదు చాలును. తక్కువ వేగముతో పరచి, తరువాత వేగము పెంచి, ప్యాడును చదునుగా ఉంచి, ఒక వరుస మీద రెండవ వరుస సగము పడునట్లు అడ్డముగాను నిలువుగాను నాలుగైదు మారులు మెల్లగా నడుపవలెను. చేయి తొందరపడరాదు. తుడిచి దీపము పెట్టి చూడవలెను. గీతలు పోయినయెడల కారు అంతటికిని అదే చాలును. పోనియెడల మాత్రమే కొంచెము గట్టి ప్యాడును, ఆ తరువాతనే కోయు గుణము గల కాంపౌండును పట్టవలెను. ఆరంభముననే కాంపౌండు పట్టువానికి పని త్వరగా జరిగినట్లు తోచును. సన్నని పాలిష్‌తో పోదగిన గీతకొరకు అతడు ఎంత పూతను వ్యర్థపరచెనో అతనికి తెలియదు.

మత్తయి 18:15–17లో మన ప్రభువు నేర్పిన క్రమమును ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుడి. తప్పు చేసినవానియొద్దకు మొదట ఒంటరిగా పోవలెను. వినకపోయినయెడల ఇద్దరు ముగ్గురిని తీసికొని పోవలెను. అప్పటికిని విననియెడల సంఘమునకు తెలుపవలెను. ఒంటరిగా చెప్పిన ఒక్క మాటతో తిరుగగలిగినవానిని మనము నేరుగా సంఘపు పంచాయతీలో నిలువబెట్టుచున్నాము. దానిని ధైర్యము అనుకొనుచున్నాము. పౌలు గలతీయులకు వ్రాయుచు, తప్పులో పట్టుబడినవానిని సాత్వికముతో సరిచేయవలెననియు, సరిచేయువాడు తానును శోధింపబడుదునేమో అని తన్ను చూచుకొనవలెననియు చెప్పెను. క్రీస్తునుగూర్చి యెషయా ముందుగా పలికినదేమి? నలిగిన రెల్లును ఆయన విరువడనియే గదా (యెషయా 42:3). రెల్లు ఎంతవరకు వంగునో, ఎక్కడ విరుగునో ఆయన చేతికి తెలియును.

చాలును అని చెప్పుట

ఇప్పుడు మన మూలవాక్యమునకు వచ్చుదము. కొరింథు సంఘములో ఒకడు దుఃఖము కలుగజేసెను. సంఘములో ఎక్కువమంది అతనిని శిక్షించిరి. అంతట పౌలు వారికి వ్రాసినదేమనగా, అతనికి కలిగిన ఆ శిక్ష చాలును. ఇక క్షమించి ఆదరించుడి. లేనియెడల అతడు అధిక దుఃఖములో మునిగిపోవును. అతని యెడల మీ ప్రేమను స్థిరపరచుడి. మనము క్షమింపనియెడల సాతాను దానిని తనకు అవకాశముగా చేసికొనునని కూడ హెచ్చరించెను. శిక్షింపుమని చెప్పుటకు ఎంత అధికారము కావలెనో, చాలును అని చెప్పుటకును అంత అధికారము కావలెను. కొరింథులో శిక్షించుట తెలిసినవారున్నారు. ఆపుట తెలిసినవారు లేకపోయిరి.

మన కారంపూడి నేలయే దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. 12వ శతాబ్దములో జరిగిన పల్నాటి యుద్ధపు గాథ మన పిల్లలందరికి తెలిసినదే. గురజాల పక్షమునకును మాచర్ల పక్షమునకును కోడిపందెము జరిగెను. ఓడిన మాచర్లవారు ఒప్పందము చొప్పున ఏడేండ్లు రాజ్యము విడిచి పోయిరి. గడువు తీరిన పిమ్మట తమ భాగము తమకిమ్మని అడిగిరి. శిక్ష ముగిసినది, అయినను చాలును అను మాట గురజాల కొలువున పుట్టలేదు. సంధి మాటలాడ వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషమునకు బలియయ్యెనని గాథ చెప్పుచున్నది. ఆ మీదట నాగులేటి ఒడ్డున కారంపూడి రణరంగములో అన్నదమ్ముల బిడ్డలు ఒకరినొకరు చంపుకొనిరి. కార్తిక మాసములో ఏటేట జరుగు వీరుల ఉత్సవములు నేటికిని ఆ నష్టమును జ్ఞాపకము చేయుచున్నవి. కోడిపందెముతోనే ఆ నాశనము వచ్చినదని చెప్పుకొందుము గాని, తీరిపోయిన శిక్షను తీరనియ్యకుండుట దానికి తోడయ్యెను.

మన సంఘములలో అట్టి వారు లేరా? ఒక యౌవనస్థుడు తిరునాళ్లలో త్రాగి పట్టుబడెను. సంఘము యెదుట నిలిచి కన్నీటితో ఒప్పుకొనెను. ఆరు మాసములు ప్రభువు బల్లకు దూరముగా ఉంచబడెను. అది ముగిసినది. అయినను క్రిస్మసు కూటమునకు పాటలు ఎవరు నడిపింతురని అడిగినప్పుడెల్ల, వాడా, అని ఒకరు నవ్వుదురు. అతడు పెండ్లిచూపులకు పోయినచోట ఆ సంగతి అతనికంటె ముందుగా చేరును. తీసిన గీత మీద మిషను ఇంకను తిరుగుచున్నది. కొంతకాలమునకు ఆ యౌవనస్థుడు ఆదివారము బండి కిరాయి ఉన్నదని చెప్పి రాక మానును. మనము అతని హృదయము కఠినమాయెనందుము. ప్యాడుకు రంగు అంటినదని మనము చూడలేదు.

పోని గీత

గోరు అడ్డముగా నడిపినప్పుడు గోటికి తగులునంత లోతైన గీత ఉన్నయెడల, అది పాలిష్‌తో పోవునది కాదు. క్రొత్తవాడు దానిని ఎట్లయినను తీయుదునని అక్కడనే రుద్దుచుండును. పని తెలిసినవాడు దాని అంచులను కొంచెము మెత్తపరచి విడిచిపెట్టును. ఒక్క గీత నిలిచినను క్లియర్ కోటు మిగిలియున్న కారు చాల సంవత్సరములు ఎండకు తాళుకొనును. ఒక్క గీతయు లేకుండ, పూతయు లేకుండ ఉన్న కారు వేసవి యెండకు పొలుసులుగా లేచిపోవును.

పౌలు తన శరీరములోని ముల్లు తొలగింపుమని మూడుమారులు ప్రభువును వేడుకొనెను. అది తీయబడలేదు, కృప చాలునను ఉత్తరము దొరకెను (2 కొరింథీయులకు 12:7–9). నత్తిగల బిడ్డ, చదువు అబ్బని బిడ్డ, కోపము త్వరగా వచ్చు కోడలు, ఇట్టివారిలో మనము తీయలేని గీతలు కొన్ని ఉండును. వాటిని దేవుని కృపకు అప్పగించి, మనిషిని నిలుపుకొనుడి.

మెరుగు ముగిసిన పిమ్మట కారుకు మైనము గాని, సీలెంటు గాని పూయుదురు. ఎండకు, నీటికి, పిట్ట రెట్టకు అది అడ్డుగా నిలుచును. ఇక్కడ మైనము దోషమును కప్పుటకు కాదు, శుద్ధియైన దానిని కాపాడుటకు. కొరింథువారు ఆ మనుష్యుని యెడల తమ ప్రేమను స్థిరపరచవలెనని పౌలు కోరినదియు ఇందుకే. కావున ఈ మాసములో ఒక పని చేయుడి. శిక్ష తీరియు ఇంకను దూరముగా ఉన్న ఒకరి పేరు మీ మనస్సునకు వచ్చినయెడల, వారి యింటికి పోయి, పాత సంగతి ఎత్తక, కూర్చుండి మాటలాడి, వచ్చు ఆదివారము తమ ప్రక్కన కూర్చుండుమని పిలువుడి. పెద్దలు ముందుగా పోవుట మంచిది.

ప్రార్థన: ప్రభువా, మా దోషములను కప్పిపుచ్చక వెలుగులో మాకు చూపుము. మమ్మును సరిచేయునప్పుడు నీ చేయి ఎంత మెత్తనిదో జ్ఞాపకము చేయుము. మా బిడ్డలను, మా సంఘములోని బలహీనులను దిద్దవలసివచ్చినప్పుడు మాకు ఓర్పును, ఆపవలసినచోట ఆపు వివేకమును దయచేయుము. దూరమైనవారిని మా మధ్యకు మరల తెమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.